కరెంటు తీసేస్తే... పాట బాగుంది!

ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్‌ని ప్లగ్గు పీకేసి, బ్యాటరీ మీద వినేవాళ్లున్నారు. పిచ్చా? పిసినారితనమా? రెండూ కాదు. దాని వెనక కాస్త చరిత్ర, కాస్త సైన్సు, కాస్త చెవి ఉన్నాయి.

ఓ చిన్న పని చేయండి. ఇంట్లో మ్యూజిక్ సిస్టమ్ ఆన్ చేయండి. పాట మాత్రం పెట్టొద్దు. సౌండు సగం దాకా పెంచి స్పీకరు దగ్గర చెవి పెట్టండి. ఏమైనా వినిపిస్తోందా? గుయ్యి...మని సన్నగా, తెంపు లేకుండా, డబ్బాలో తుమ్మెద దూరినట్టు ఓ మోత? లేదంటే మీరు అదృష్టవంతులు. ఈ కథనం సరదాకి చదువుకోండి. ఉందంటే మాత్రం... రండి, మీకూ మాకూ పనుంది!

మా ఇంట్లో ఆ మోత వెనకాల మా అమ్మ గొంతు ఉంది.

1992లో మా బాబాయ్ మస్కట్ నుంచి వస్తూ టూ-ఇన్-వన్ తెచ్చాడు. అదొచ్చిన వారానికే నాన్న అమ్మని కూర్చోబెట్టి పాడించారు. మంగళహారతులు, అట్లతద్ది పాటలు, ఊయల పాటలు... అరవై నిమిషాల క్యాసెట్టు రెండు వైపులా నిండిపోయింది. మధ్యమధ్యలో ఏడుస్తున్న పసిపిల్ల గొంతు నాదేనట. అమ్మ 2009లో పోయింది. అప్పట్నుంచి నాన్నకి ఆదివారం పొద్దున్న కాఫీ తర్వాత ఆ క్యాసెట్టు వినడం అలవాటు. ఇంట్లో పాత యాంప్లిఫయరు, కొయ్యపెట్టెల స్పీకర్లు ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల నాటివి. రాన్రానూ వాటిలో గుయ్యిమనే మోత పెరిగి పెరిగి, పోయినేడాది వేసవికి పాట ఎక్కడుందో వెతుక్కోవాల్సిన స్థితికి వచ్చింది. నాన్న సౌండు పెంచితే మోతా పెరిగేది. తగ్గిస్తే అమ్మ పోయేది.

తెనాలి దగ్గర మా ఊళ్లో అందరూ 'మైకుసెట్టు మావయ్య' అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. పెళ్లిళ్లకీ, తిరునాళ్లకీ నలభై ఏళ్లు మైకులు కట్టిన మనిషి. ఆయన్ని పిలిస్తే, యాంప్లిఫయరు మూత కూడా తీయలేదు. స్కూటరు మీద ఓ బ్యాటరీ, అరచేతిలో పట్టేంత చిన్న యాంప్లిఫయరు పెట్టుకొచ్చారు. మా స్పీకర్ల తీగలు దానికి తగిలించారు. క్యాసెట్టుని పెన్సిల్ సెల్లుల వాక్‌మన్‌లో పెట్టి, దాని ఇయర్‌ఫోను కన్నంలోంచి తీగ లాగారు. గోడ ప్లగ్గులో ఏదీ లేదు. మోత సగానికి పైగా పోయింది. మిగతా సగం సంగతి... చివర్లో చెబుతాను. అదో పెద్ద కథ.

'మైకుసెట్టువాళ్లం దేన్నయినా ముందు బ్యాటరీ మీద వింటాం. అక్కడ కూడా మోగితే రోగం పెట్టెలో ఉన్నట్టు, అక్కడ మోగకపోతే కరెంటులో ఉన్నట్టు' అన్నారాయన. రిపేరు ఖర్చు పెట్టుకునే ముందు ఎవరైనా చేసుకోదగ్గ పరీక్ష ఇది.

పుట్టిందే బ్యాటరీ మీద

మనమేదో కొత్త పని చేస్తున్నామనుకుంటాం గానీ, ఇంట్లోకి పాట వచ్చిందే బ్యాటరీల మీద. 1920ల్లో అమెరికాలో, ఇంగ్లండులో ఇళ్లకొచ్చిన వాల్వు రేడియోలకి ఒకటి కాదు, మూడు రకాల బ్యాటరీలు కావాలి. వాల్వు లోపలి తీగను వేడి చేయడానికి ఒకటి, ప్లేటుకి 45 వోల్టులో 90 వోల్టులో అందించడానికి ఒకటి, గ్రిడ్‌కి ఇంకొకటి. వీటినే ఏ, బీ, సీ బ్యాటరీలనేవారు. యాసిడ్ బ్యాటరీ అయిపోతే చేత్తో పట్టుకుని వీధి చివరి దుకాణంలో ఛార్జింగుకి ఇచ్చి రావడం ఇంగ్లండులో వారం వారం జరిగే తంతు. మన దగ్గర పిండిమరకి వెళ్లొచ్చినట్టన్నమాట.

ఈ బాధ పడలేక పుట్టిందే 'బ్యాటరీ ఎలిమినేటర్'. బ్యాటరీలను తీసేసి గోడ కరెంటుతో రేడియోని నడిపించే పెట్టె. అమెరికాలో ఫిల్కో అనే కంపెనీ మొదట్లో చేసింది బ్యాటరీలే. పేరే 'ఫిలడెల్ఫియా స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ'. ఎలిమినేటర్లు కూడా వాళ్లే చేసి అమ్ముకున్నారు. 1927లో నేరుగా కరెంటు మీద నడిచే వాల్వులు రావడంతో ఎలిమినేటర్ల బేరం పడిపోయింది. దాంతో ఫిల్కో మరుసటి ఏడాదే రేడియోల తయారీలోకి దిగి, ఆ దేశంలోని పెద్ద రేడియో కంపెనీల్లో ఒకటైంది.

ఎలిమినేటర్... ఈ మాట ఎక్కడో విన్నట్టుందా? ఎనభై, తొంభైల్లో మన ఊళ్లలో రేడియో షాపు గాజు బీరువాలో వరసగా వేలాడేవి, అవే! టూ-ఇన్-వన్‌లో సెల్లులకి డబ్బులు పోయలేక కొనుక్కునే నల్లటి బుల్లి డబ్బాలు. అమెరికాలో ఎప్పుడో మరిచిపోయిన పేరు మన దుకాణాల్లో ఇన్నేళ్లు బతికింది. డబ్బాతో పాటు గుయ్యిమనే మోత ఉచితం. చవకరకం ఎలిమినేటరు పెట్టి రేడియో వింటే వార్తలు చదివే మనిషి పక్కన రైసుమిల్లు ఆడుతున్నట్టు ఉండేది.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటికి చాలా పల్లెల్లో కరెంటు స్తంభమే లేదు. రేడియో ఉన్న ఇల్లు బ్యాటరీ ఉన్న ఇల్లే. 1954లో అమెరికాలో రీజెన్సీ కంపెనీ తొలి ట్రాన్సిస్టర్ రేడియోని అమ్మకానికి పెట్టింది. ఆ దారిలో మన పల్లెలకీ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. పొలం గట్టు మీద కూడా పాట వినొచ్చని తెలిసింది. ఇక సినిమా ప్రచారం రిక్షాలు గుర్తున్నాయి కదా... రెండు వైపులా పోస్టర్లు, పైన గొట్టం మైకు, సీటు కింద కారు బ్యాటరీ. మైకుసెట్టువాళ్లు వాడే యాంప్లిఫయర్లకి ఈనాటికీ వెనక వైపు రెండు దారులుంటాయి. ఒకటి గోడ కరెంటుకి, రెండోది 12 వోల్టుల బ్యాటరీకి. పెళ్లి మధ్యలో కరెంటు పోతే సన్నాయి ఆగకూడదు మరి!

మోత ఎక్కడిది?

మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. అది సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. పాట వినిపించే చిప్పులకి, ట్రాన్సిస్టర్లకి ఊగే కరెంటు పనికిరాదు. నికరంగా నిలబడే డీసీ కావాలి. అందుకని పెట్టె లోపల ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని తగ్గిస్తుంది, డయోడ్లు ఊగుడుని ఒకవైపుకి మళ్లిస్తాయి, మెకానిక్కులు కండెన్సర్లనే కెపాసిటర్లు ఎగుడుదిగుళ్లను చదును చేస్తాయి. మిషన్ ఇస్త్రీ లాంటిది ఈ పని. బాగా చేస్తే మడత కనిపించదు. ఆ కండెన్సర్లు పదిహేనూ ఇరవై ఏళ్లకి లోపల ఎండిపోతాయి. అప్పుడు ఇస్త్రీ సరిగ్గా పడదు. మిగిలిపోయిన మడతలే సెకనుకి వందసార్లు కొట్టుకుంటూ స్పీకర్లో బుర్రుమంటాయి. మా నాన్న యాంప్లిఫయరు జబ్బు అదే.

రెండో రకం మోత ఇంకాస్త మొండిది. టీవీ సెట్‌టాప్ బాక్సునీ, కంప్యూటర్‌నీ, యాంప్లిఫయర్‌నీ తీగలతో కలుపుతాం. ఒక్కోటీ ఒక్కో ప్లగ్గులో, ఒక్కో దారిలో ఎర్త్‌కి తగులుతాయి. తీగలూ ఎర్తులూ కలిసి గుండ్రంగా ఓ ఉచ్చు తయారవుతుంది. అందులో తిరిగే కొద్దిపాటి కరెంటు పాటలోకి దూరి యాభై హెర్ట్జ్ గుయ్యిమంటుంది. కండెన్సర్లు మార్చినా ఇది పోదు. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లలో మరీ ఎక్కువ. ఛార్జింగులో పెట్టిన ఫోన్ని తీగతో స్పీకర్లకి తగిలించి చూడండి. కొన్ని ఛార్జర్లతో వెంటనే జర్రుమంటుంది. ప్లగ్గు పీకండి... నిశ్శబ్దం!

బ్యాటరీలో ఊగుడు లేదు కాబట్టి చదును చేసే పని లేదు. గోడతో సంబంధం లేదు కాబట్టి ఎర్త్ ఉచ్చూ లేదు. రెండు రోగాలకీ ఒకటే మందు. పాట పుట్టే చోట దీని విలువ ఇంకా ఎక్కువ. గ్రామఫోను ముల్లు పుట్టించే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. క్యాసెట్టు టేపు హెడ్ మీద అయితే అంత కూడా ఉండదు. దాన్ని వేల రెట్లు పెంచి స్పీకరుకి పంపాలి. మొదట్లో ఆవగింజంత మోత కలిసినా చివరికి గుమ్మడికాయ అవుతుంది.

రేడియో విషయంలో దీన్ని మనందరం చూసే ఉంటాం. వీధి మొత్తం కరెంటు పోయిన రాత్రి సెల్లుల రేడియోలో మీడియంవేవ్ కేంద్రం పెట్టి చూడండి. రోజూ గరగరలాడే స్టేషనే శుభ్రంగా పలుకుతుంది. ట్యూబులైటు చోక్‌లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాను రెగ్యులేటర్లు, ఛార్జర్లు... వీధిలో గోల చేసేవన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి కదా!

ఈ శుభ్రత కోసం ఎంత దూరమైనా వెళ్లేవాళ్లున్నారు. జపాన్‌లో 82 ఏళ్ల న్యాయవాది ఒకరు పక్కింటివాళ్ల గోల తన పాటలోకి రాకుండా ఇంటి ముందు సొంతంగా కరెంటు స్తంభమే వేయించుకున్నారట. 2016లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. మనకంత ఓపికా లేదు, అంత డబ్బూ లేదు. బ్యాటరీ చాలు.

గుంటూరుకి... హైదరాబాదు మీదుగా!

'మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అదీ బ్యాటరీయేగా' అంటారేమో. కాదు. ఇన్వర్టర్ బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఊగే కరెంటుగా మారుస్తుంది. మ్యూజిక్ సిస్టమ్ దాన్ని మళ్లీ కిందికి దించి డీసీ చేసుకుంటుంది. విజయవాడ నుంచి గుంటూరుకి వెళ్లడానికి హైదరాబాదు బస్సెక్కడం లాంటిది. దారిపొడవునా కరెంటు వేడిగా పోతుంది. పైగా చవక ఇన్వర్టర్లిచ్చేది గుండ్రని అల కాదు, మెట్లు మెట్లుగా విరిగిన అల. ఫ్యాను గొణిగేదీ, యాంప్లిఫయరు బుర్రుమనేదీ అందుకే. సైన్‌వేవ్ ఇన్వర్టరైతే ఆ బాధ తక్కువ. ధర ఎక్కువ. బ్యాటరీ మీద పాట వినడమంటే మధ్యలో ఈ తిరుగుడు లేకుండా 12 వోల్టుల నుంచి నేరుగా యాంప్లిఫయరుకి వెళ్లడం.

మరి ఇన్నాళ్లూ అందరూ ఎందుకలా చేయలేదు? పాత తరహా యాంప్లిఫయర్లు తిండిపోతులు. పాట పెట్టకుండా ఉత్తినే ఆన్ చేసి ఉంచినా ఇరవై, ముప్ఫై వాట్లు మింగి వేడెక్కి కూర్చునేవి మామూలే. వాటిని బ్యాటరీ మీద పెట్టడమంటే ఏనుగుని ఇంట్లో మేపడమే. ఈ లెక్కను తిరగరాసింది 'క్లాస్-డి' తరహా యాంప్లిఫయర్లు. ట్రాన్సిస్టర్లు సగం తెరిచిన కుళాయిలా కాకుండా, సెకనుకి లక్షలసార్లు పూర్తిగా తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేస్తాయి. తీసుకున్న కరెంటులో ఎనభై, తొంభై శాతం దాకా స్పీకరుకే చేరుతుంది.

ఈ కథలో మనకి తెలిసినట్టుండే పేరొకటుంది. భారతీయ మూలాలున్న ఆద్య త్రిపాఠి 1995లో అమెరికాలో ట్రైపాత్ అనే కంపెనీ పెట్టారు. పేరులోనే ఆయన ఇంటిపేరు ఉంది. 1998లో ఆ కంపెనీ టీఏ2020 అనే చిప్పు తెచ్చింది. దాని తమ్ముడు టీఏ2024తో సోనిక్ ఇంపాక్ట్ అనే కంపెనీ ప్లాస్టిక్ బొమ్మలాంటి 'టి-యాంప్' చేసింది. ఎనిమిది పెన్సిల్ సెల్లులు వేస్తే పాడుతుంది. ధర నలభై డాలర్ల లోపే. పిక్నిక్కులకి తీసుకెళ్లే సరుకని అమ్మారు. 2005 ప్రాంతంలో ఇటలీ సమీక్షకుడొకరు దీన్ని తన ఖరీదైన స్పీకర్లకి తగిలించి, విని, ఆశ్చర్యపోయి రాశారు. అంతే, వేల డాలర్ల యాంప్లిఫయర్లున్నవాళ్లు కూడా ఆ బొమ్మ కోసం ఎగబడ్డారు! సెల్లులు తీసేసి 12 వోల్టుల బ్యాటరీ తగిలించుకోవడం అప్పట్లో ఓ వేలంవెర్రి. పాపం, ట్రైపాత్‌కి మాత్రం కలిసిరాలేదు. 2007లో దివాలా తీసింది. రెండేళ్ల తర్వాత, 2009లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక ప్రపంచాన్ని కుదిపేసిన పాతిక చిప్పుల జాబితా వేస్తే అందులో టీఏ2020 ఉంది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న బ్లూటూత్ స్పీకరు లోపలా ఇదే తరహా యాంప్లిఫయరు, పక్కనే ఓ లిథియం బ్యాటరీ. అంటే బ్యాటరీ మీద పాట వినడం మనందరం ఎప్పుడో మొదలుపెట్టేశాం!

లెక్క చూద్దాం

'బుల్లి యాంప్లిఫయరు పెద్ద స్పీకర్లని మోయగలదా?' ఇది అందరికీ వచ్చే అనుమానం. పెట్టెల మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని అచ్చేసి మన బుర్రలు పాడుచేశారు. నిజానికి ఇంట్లో వాడే మామూలు స్పీకరు ఒక్క వాటుతో, మీటరు దూరంలో 88 నుంచి 90 డెసిబెల్స్ మోగుతుంది. మనం మాట్లాడుకునేది 60 డెసిబెల్స్ దగ్గర. అంటే హాల్లో కూర్చుని హాయిగా వినేటప్పుడు మీ స్పీకర్లు తింటున్నది చాలాసార్లు ఒక వాటు లోపే. డప్పు దెబ్బ పడ్డప్పుడు మాత్రం ఆ క్షణానికి పది వాట్లు అడగొచ్చు. పెళ్లి బరాత్‌కి ఇది చాలదు. పొద్దున్న కాఫీకి చాలు.

మేం కొన్నది యూపీఎస్‌లలో వాడే సీల్డ్ బ్యాటరీ. 12 వోల్టులు, 7 యాంపియర్ అవర్లు, రెండున్నర కిలోల లోపు బరువు. పన్నెండుని ఏడుతో గుణిస్తే 84. అది వాట్-అవర్లలో దాని పొట్ట. ఈ రకం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి మన వాటా 42. చిన్న యాంప్లిఫయరు మామూలు సౌండుకి మొత్తం ఐదు వాట్లు లాగుతుందనుకుందాం. ఎనిమిది గంటలొస్తుంది. రోజుకి రెండు గంటలు వింటే నాలుగు రోజులకోసారి ఛార్జింగు. మీ యాంప్లిఫయరు ఎన్ని వాట్లు లాగుతుందో చూసుకుని ఇదే లెక్క వేసుకోండి. పాత తిండిపోతు అయితే ఇదే బ్యాటరీ గంటన్నరకి చేతులెత్తేస్తుంది.

పని అయిపోయిన కారు బ్యాటరీ ఇంట్లో ఉంది కదా అని అటు చూడకండి. కారు బ్యాటరీ పుట్టింది ఒక్కసారి గట్టిగా తోయడానికి. కొద్దికొద్దిగా గంటల తరబడి ఇస్తూ ఖాళీ అయ్యే పని దానికి సరిపడదు. ఇన్వర్టర్లలో వాడే ట్యూబులర్ బ్యాటరీ ఆ పనికి పుట్టింది. కానీ బరువు పాతిక కిలోల పైమాటే, పైగా నీళ్లు పోసుకోవాలి. డబ్బు పెట్టగలిగితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మంచిది. సగం బరువు కూడా ఉండదు, ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, ఏళ్ల తరబడి వస్తుంది. నిండుగా ఛార్జయినప్పుడు మాత్రం దాని వోల్టేజీ 14 దాటుతుంది. మీ యాంప్లిఫయరు అంత తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. టి-యాంప్ లాంటి పాత చిప్పులు 13 వోల్టుల దగ్గరే ఆగిపోవాలి.

ఇంకో మాట. ఛార్జర్ తగిలించి ఉంచి వింటే, గోడ మోత మళ్లీ లోపలికి వచ్చేస్తుంది. ఇంత కష్టమూ వృథా. రాత్రి ఛార్జింగు, పగలు ప్లగ్గు పీకి పాట... అదీ పద్ధతి.

ఇక్కడ సరదా లేదు

బ్యాటరీ 12 వోల్టులే కదా, షాకు కొట్టదని పిల్లల ముందు నిర్లక్ష్యంగా వదిలేయకండి. షాకు కొట్టదు నిజమే, కాలుస్తుంది! రెండు కొసల మీద పొరపాటున స్పానరు పడితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి, స్పానరు ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. మైకుసెట్టు మావయ్య ఎడమచేతి ఉంగరం వేలికి తెల్లటి మచ్చ ఒకటుంది. ఉంగరం కాలిన గుర్తు. అందుకే ఆయన పని మొదలుపెట్టే ముందు ఉంగరం, వాచీ తీసి చొక్కా జేబులో వేసుకుంటారు. ప్లస్ కొసకి జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టనిదే తీగ కలపరు. మా బ్యాటరీకి ఐదు ఆంపియర్ల ఫ్యూజు పెట్టారు.

యాసిడ్ బ్యాటరీలు, ముఖ్యంగా నీళ్లు పోసేవి, ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. పడగ్గదిలో మంచం కిందో, తలుపులేసిన బీరువాలోనో పెట్టి ఛార్జ్ చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గాలి ఆడే వరండా, బాల్కనీ మేలు. ఇక పాత ల్యాప్‌టాప్‌లలోంచి తీసిన లిథియం సెల్లులని వరసగా అతికించి బ్యాటరీ చేసుకునే కుర్రాళ్ల సంఖ్య ఈ మధ్య పెరిగింది. ఎక్కువ ఛార్జ్ కాకుండా, మరీ ఖాళీ కాకుండా, వేడెక్కకుండా కాపాడే సర్క్యూటు లేకపోతే అవి అంటుకుంటాయి. అంటుకుంటే మామూలుగా ఆరవు. ఇంట్లో ఎవరైనా ఈ ప్రయోగంలో ఉంటే, ముందు ఆ పని ఆపించండి. ప్లస్‌కి ప్లస్సు, మైనస్‌కి మైనస్సు రెండుసార్లు చూసుకోకుండా స్విచ్ వేయకండి. తిరగేసి కలిపితే చాలా యాంప్లిఫయర్లు ఆ క్షణమే ప్రాణం వదులుతాయి. నేను ఒకటి అలా పోగొట్టుకున్నాకే ఈ వాక్యం రాస్తున్నాను.

అందరూ బ్యాటరీ మీదే వినాలా? అక్కర్లేదు. బాగా తయారైన కొత్త యాంప్లిఫయరు గోడ కరెంటు మీద కూడా మోత లేకుండా పాడుతుంది. కళ్లకి గంతలు కట్టి వినిపిస్తే తేడా చెప్పడం కష్టం. బ్యాటరీ పెడితే గాయకుడు మన ఎదురుగా వచ్చి కూర్చుంటాడనేవాళ్ల మాటలు సగం తగ్గించుకుని వినండి. మీ సిస్టమ్‌లో మోత ఉందా, లేదా అన్నదే లెక్క. ఉంటే ముందు మెకానిక్‌కి చూపించి కండెన్సర్లు మార్పించండి. చాలాసార్లు కొన్ని వందలతో పోతుంది. మేమూ నాన్న యాంప్లిఫయర్‌కి ఆ వైద్యం చేయించాం. ఇప్పుడది వార్తలకీ, సినిమా పాటలకీ చక్కగా పనిచేస్తోంది. క్యాసెట్టు మాత్రం బ్యాటరీ మీదే.

మిగిలిన సగం

మోత సగానికి పైగా పోయిందన్నాను. మరి మిగతాది? మైకుసెట్టు మావయ్య క్యాసెట్టు తిరగేసి రెండో వైపు పెట్టారు. అక్కడ మోత లేనే లేదు! అమ్మ గొంతు ఒక్కటే. వెనక వంటింట్లో గిన్నె చప్పుడు, ఎక్కడో కాకి. మళ్లీ మొదటి వైపు... మోత. ఆయన నవ్వి, 'మొదటి వైపు రికార్డు చేసేటప్పుడు ఎలిమినేటర్ పెట్టారా?' అని నాన్నని అడిగారు.

నాన్న కాసేపు ఆలోచించి అవునన్నారు. సెల్లులు దండగని ఎలిమినేటర్ కొన్నారట. అమ్మ సగం పాటలు పాడేసరికి కరెంటు పోయింది. అప్పుడు పరుగున వెళ్లి కొట్లో టార్చి సెల్లులు కొనుక్కొచ్చి రెండో వైపు రికార్డు చేశారు. మొదటి వైపు మోత 1992లోనే టేపు మీదికి ఎక్కేసింది. దాన్ని ఈనాడు ఏ బ్యాటరీ తీయలేదు. కంప్యూటర్లో ఆ యాభై, వంద హెర్ట్జ్‌ల దగ్గర కోత పెడితే కొంత తగ్గుతుంది. ఎక్కువ కోస్తే గొంతు కూడా పలచబడుతుంది. రెండు వైపులనీ కంప్యూటర్లోకి ఎక్కించి మూడు చోట్ల దాచిపెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి క్యాసెట్టుంటే ఈ పని వాయిదా వేయకండి. టేపు బూజు పడుతుంది, ఒకదానికొకటి అతుక్కుంటుంది.

రెండో వైపులో ఒక చిక్కుంది. చివరి పాటకొచ్చేసరికి అమ్మ గొంతు సన్నబడిపోయి, చిన్నపిల్ల హడావిడిగా పాడుతున్నట్టుంటుంది. మొదట్లో మేం టేపు పాడైందనుకున్నాం. కాదట. రికార్డు చేస్తుండగా సెల్లులు అయిపోతూ వచ్చి మోటారు నెమ్మదించింది. నెమ్మదిగా ఎక్కిన పాటని మామూలు వేగంతో వేస్తే గొంతు పైకి వెళ్తుంది. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని నాన్నకి ఇప్పుడు కోపం వచ్చింది, ముప్ఫై ఏళ్ల తర్వాత!

దీనికి మందు కూడా మావయ్యే చెప్పారు. వాక్‌మన్‌లోనూ అయిపోవచ్చిన సెల్లులు వేయమన్నారు. మోటారు నెమ్మదిస్తుంది, గొంతు కిందికి దిగుతుంది. నాలుగైదు జతలు మార్చి చూశాం. ఒక జత దగ్గర కుదిరింది. కాస్త బొంగురుగా ఉన్నా అది అమ్మ గొంతే.

నాన్న ఆ రెండు సెల్లులని ఖాళీ మాత్రల డబ్బాలో వేసి, పైన కాగితం అంటించి 'చివరి పాట' అని రాసి బీరువాలో పెట్టుకున్నారు. ఆదివారం రెండో వైపు ఆఖరికి వచ్చేసరికి లేచి వెళ్లి అవి తెచ్చి మారుస్తారు. టీవీ రిమోట్‌కి సెల్లులు కావాలని మొన్న మా అబ్బాయి ఆ డబ్బా తీయబోతే ఇంట్లో పెద్ద గొడవే అయింది.